ఫుట్‌పాత్‌కి ఒక మ్యూజియం కావాలి

విశాఖ బీచ్ రోడ్డులో నడవడానికి చోటు లేదని గొణిగేవాళ్లకి అసలు ఆ రోడ్డు సంప్రదాయమే తెలీదు. అక్కడ ఏదీ దాని చోట్లో ఉండదు. సముద్రం అడుగున తిరగాల్సిన కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి ఒడ్డున కూర్చుని, టికెట్టు కొన్నవాళ్లని కడుపులోంచి నడిపిస్తోంది. మబ్బుల్లో ఉండాల్సిన టీయూ-142 విమానం 2017 నుంచి దానికెదురుగా రోడ్డవతల రెక్కలు చాపుకుని నిలబడింది. 2020 అక్టోబర్లో వాయుగుండం పట్టినప్పుడైతే బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకి ఎక్కేసింది, మనం పిల్లాపాపలతో వెళ్లి సెల్ఫీలు దిగి వచ్చాం. అంతంత పెద్దవే సర్దుకుపోతుంటే, డెబ్భై కిలోల మనిషి మాత్రం నాకు ఫుట్‌పాతే కావాలని మొండికెయ్యడం ఏం మర్యాద?

ఫుట్‌పాత్ లేదనుకునేరు. ఉంది, మొన్న ఆదివారం సాయంత్రం నేను స్వయంగా చూశాను. కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ దాకా దాని మీదే నడుస్తాను, రోడ్డు మీద కాలు పెట్టను అని పంతం పట్టి బయల్దేరాను. మొదటి పది అడుగులు సాఫీగా పడ్డాయి. తర్వాత వరసగా బుల్లెట్ బళ్లు, వాటి వెనక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల వెనక మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న నిప్పులు. పక్కకి తప్పుకోబోతే లేచిపోయిన పలక మీద కాలు పడి, దాని కిందున్న మురికినీళ్లు పిచికారీ కొట్టినట్టు చిమ్మి ప్యాంటు మోకాలి దాకా తడిసింది. సముద్రంలో దిగకుండానే కాళ్లు తడిసే ఏర్పాటు ఇంకే ఊళ్లో ఉందో చెప్పండి.

పిడత కింద పప్పు అమ్మే ఆవిడని, "అమ్మా, కాస్త దారిస్తావా?" అనడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, అంత రోడ్డు పెట్టుకుని ఇక్కడెందుకు నడుస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు, పది రూపాయల పొట్లం కొనుక్కుని రోడ్డు మీదకి దిగిపోయాను. ఆవిణ్ణి నేనేమీ అనను. ఆ ఉల్లిపాయా నిమ్మకాయా పిండిన పప్పే లేకపోతే మనలో సగం మందికి బంగాళాఖాతంతో పనేముంది?

సైకిల్ దారి సంగతి ఇంకా గొప్పది. నేను చూసినచోట రోడ్డంచున రంగు పూసి తెల్లటి సైకిల్ బొమ్మ గీశారు. సరిగ్గా ఆ బొమ్మ ముందు చక్రం మీద ఓ తెల్ల కారు వెనక టైరు, డిక్కీ మీద స్టాండుకి కట్టిన అసలు సైకిలు. అంటే సైకిల్ కారెక్కింది, కారు సైకిలెక్కింది. దాని యజమాని హెల్మెట్టు, చేతులకి గ్లవ్స్, కళ్లకి పసుపుపచ్చ అద్దాలు పెట్టుకుని భీమిలి వైపు తొక్కడానికి తయారవుతున్నాడు. అదే సమయానికి వెనక పెట్టెలో చేపలు వేసుకుని ఓ పెద్దాయన పాత సైకిలు మీద లారీకీ ఆటోకీ మధ్యలోంచి పోతున్నాడు. రోజూ సైకిలు తొక్కేవాడికి సైకిల్ దారి ఎందుకు, అలవాటే కదా!

తెల్లారగట్ట మాత్రం ఊరు మారిపోతుంది. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా బండ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. ఆ కాసేపు అందరం ప్రకృతి ప్రేమికులం, సముద్రపు గాలి పీలుస్తూ ఈ దేశంలో ట్రాఫిక్ సెన్స్ లేదని ఒకరికొకరు చెప్పుకుంటాం. బారికేడ్లు తీసేసే టైమయ్యేసరికి అదే జనం చెమట తుడుచుకుని, పక్క సందుల్లో ఎవరి గేటుకో అడ్డంగా పెట్టిన కార్లలోకి ఎక్కి, ఐదు నిమిషాల కిందట తమ పక్కనే నడిచిన మనిషి వెనక హారన్ కొడతారు. నాకెలా తెలుసంటారా? నేను ఎంవీపీ కాలనీ నుంచి వాకింగ్‌కి కార్లోనే వస్తాను. మొన్న నేను హారన్ కొట్టి పక్కకి జరిపించినాయన అప్పటిదాకా నాకు షుగర్ గురించి సలహాలిచ్చినాయనే.

అందుకని అధికారులకి నాదో మనవి. ఫుట్‌పాత్ బాగుచెయ్యండి, ఖాళీ చేయించండి అని అడిగి మీకు టెన్షన్ పెట్టను. ఇక్కడ ఏదైనా పనిలోంచి తప్పుకుంటే మ్యూజియం చెయ్యడం మనకి బాగా వచ్చు. సబ్‌మెరైన్ని చేశాం, విమానాన్ని చేశాం. ఫుట్‌పాత్ కూడా రిటైరైపోయింది కాబట్టి ఓ వంద అడుగుల ముక్క మిగిల్చి చుట్టూ అద్దాలు పెట్టండి. లోపల ఓ లేచిపోయిన పలక, ఓ తెల్ల సైకిల్ బొమ్మ, దాని మీద టైరు గుర్తు ఉంచితే చాలు. పెద్దలకి ఓ టికెట్టు, పిల్లలకి సగం. కురుసురలో రిటైరైన నేవీవాళ్లే గైడ్లుగా నిలబడి లోపల ఎలా బతికారో చెప్తారు కదా, ఇక్కడా ఒకప్పుడు దీని మీద నిజంగా నడిచినవాళ్లనే పెట్టాలి. మొన్నటి ఆ పది అడుగుల అర్హతతో నేనూ దరఖాస్తు పెడతాను. కాకపోతే కారు పెట్టుకోవడానికి దగ్గర్లో ఎక్కడైనా చోటు చూపించాలి.