పైమన్: నిందించడానికి రాసిన జాబితాలోంచి లేచిన రాజు

2018లో 'హెరెడిటరీ' అనే హారర్ సినిమా వచ్చాక పైమన్ అనే పేరు మామూలు ప్రేక్షకుల నోళ్లలో కూడా పడింది. కథ కోసం కల్పించిన పేరేమో అనిపిస్తుంది. నిజానికి ఈ భూతరాజు వివరాలు అచ్చయి దాదాపు నాలుగున్నర శతాబ్దాలవుతోంది.

మన రాక్షస రాజులకు కథలున్నాయి. రావణుడికి తపస్సు, వరం, అహంకారం, చావు అన్నీ ఉన్నాయి. ఐరోపా మంత్రగ్రంథాల్లోని పైమన్‌కి అలాంటిదేమీ లేదు. ఎక్కడ పుట్టాడు, ఎవరితో యుద్ధం చేశాడు అన్న ఊసే ఉండదు. ఉన్నదల్లా హోదా, హంగు, చేసిపెట్టే పనులు. బైబిల్లోని సోలమన్ రాజు పేరు మీద వచ్చిన 17వ శతాబ్దపు మంత్రగ్రంథం 'లెసర్ కీ ఆఫ్ సోలమన్'లో మొదటి భాగమైన గోయెటియా 72 భూతాలను వరుసగా చెబుతుంది. అందులో పైమన్ తొమ్మిదోవాడు, నరకాధిపతి లూసిఫర్‌కి పరమ విధేయుడు. నెత్తిన కిరీటం, ఒంటె మీద సవారీ. ముందు బూరలు, తాళాలు మోగిస్తూ పరివారం నడుస్తుంది. చేతికింద 200 దళాలు. వచ్చీ రాగానే ఎంత గట్టిగా గర్జిస్తాడంటే, ఏమంటున్నాడో మాంత్రికుడికి అర్థం కాదట, సరిగ్గా మాట్లాడమని ఒత్తిడి చేయాలట! ఒక్కణ్నే పిలిస్తే ఏదో ఒక నైవేద్యం పెట్టాలి. అప్పుడు లబల్, అబలి అనే మరో ఇద్దరు రాజులు తోడుగా వస్తారు.

ఈ గ్రంథంలో రాజులు, డ్యూకులు, మార్క్విస్‌లు, ప్రెసిడెంట్లు ఉన్నారు. ఏ హోదాకు ఏ లోహంతో ముద్ర (ఆ భూతం గుర్తు) చేయించాలో, ఏ వేళల్లో పిలవాలో కూడా రాసి ఉంది. రాజులైతే ముద్ర బంగారంతో చేయించాలి. పొద్దున 9 నుంచి 12 దాకా, మళ్లీ 3 నుంచి సూర్యాస్తమయం దాకా పిలవాలి. కలెక్టరాఫీసులాగే మధ్యాహ్నం విరామం అన్నమాట. పైమన్ ఇచ్చేవి చూడండి: కళలు, శాస్త్రాలు, రహస్యాలు, పదవులు, గౌరవాలు, ఎదుటి మనిషిని లొంగదీసే బలం. రాజాస్థానంలో పెద్దల దయ కోసం పడిగాపులు పడిన వాడి కోరికల చిట్టా ఇది. నరకాన్ని ఊహించమంటే ఆనాటి చదువుకున్నవాళ్లు తాము రోజూ చూసే దర్బారునే ఊహించుకున్నారని నాకనిపిస్తుంది.

అసలు విడ్డూరం ఈ జాబితా మన దాకా చేరిన తీరులో ఉంది. యోహాన్ వేయర్ జర్మన్ ప్రాంతమైన క్లీవ్స్ డ్యూక్ దగ్గర వైద్యుడు. మంత్రగత్తెలని కాల్చేస్తున్న ఆడవాళ్లలో చాలామంది మనోవ్యాధితో బాధపడుతున్నవాళ్లేనని 1563లోనే పుస్తకం రాసిన ధైర్యవంతుడు. సైతాను ఉన్నాడని ఆయనా నమ్మాడు, కానీ ముసలమ్మలను చంపడాన్ని ఒప్పుకోలేదు. 1577లో ఆ పుస్తకానికి అనుబంధంగా 69 భూతాల పట్టిక అచ్చు వేశాడు. మాంత్రికుల బండారం బయటపెట్టాలన్నది ఉద్దేశం. ఎవరూ ప్రయోగించకుండా కొన్ని ముక్కలు కావాలనే తీసేశాడు కూడా. 1580లో జాన్ బోదాన్ అనే ఫ్రెంచి పండితుడు ఆయన మీద విరుచుకుపడ్డాడు. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ ఆ పట్టికను ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. ఇదంతా బూటకమని చూపించడానికే.

మాంత్రికులు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. ఊరికే అనడం కాదు, దీనికి ఆనవాలుంది. వేయర్ పట్టికలో నాలుగోవాడు ప్రుఫ్లాస్. స్కాట్ అనువాదంలో అతడు జారిపోయాడు. గోయెటియాలోనూ అతడు కనిపించడు. అంటే మంత్రగ్రంథం కూర్చినవాడి ముందున్నది ఏ సోలమన్ చక్రవర్తి తాళపత్రమో కాదు, మంత్రాలకు చింతకాయలు రాలవని వాదించిన మనిషి పుస్తకం!

మంత్రాల మీద నమ్మకం లేనివాడు ఓపిగ్గా, వరుసగా రాసిపెట్టడం వల్లే ఇది నిలిచిందని నా అభిప్రాయం. రహస్యంగా చేతులు మారిన రాతప్రతులు చాలావరకు పోయేవే. ఖండించే పుస్తకం మాత్రం దర్జాగా అచ్చయి అంగట్లో దొరికేది.

మాథర్స్ అనే ఆంగ్ల మాంత్రికుడు తయారుచేసిన గోయెటియా ప్రతిని 1904లో మరో మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ అచ్చు వేయించాడు. ఈ భూతాలు మనిషి మెదడులోని భాగాలేనని ముందుమాటలో రాశాడు. వేయర్ పట్టికలో ముద్రలు లేవు. గోయెటియాలో ఒక్కొక్కరికీ ఒక ముద్ర ఉంది. పైమన్ ముద్ర ఆ సినిమాలో లాకెట్‌గా కనిపిస్తుంది. ఇప్పుడు అలాంటి లాకెట్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. బంగారంతోనే చేయించాలన్న నియమాన్ని అమ్మేవాళ్లు పెద్దగా పట్టించుకోవడం లేదు.