పిల్లల మెడికల్ అంటువ్యాధి దగ్గరే ఆగాలి

వలస వీసాకు పసిపిల్లలకూ మెడికల్ ఏమిటని విసుక్కునేవాళ్లు చాలామంది. ఆ కోపంలో సగమే న్యాయం. టీబీని పట్టుకోవడానికే పరిమితమైనంతవరకు ఆ పరీక్ష ముందుగా కాపాడేది పిల్లలనే. బిడ్డ పెంపకానికి ఎంతవుతుందని లెక్క తీయడం మొదలుపెట్టాకే అది దారి తప్పుతుంది.

అమెరికా 2018 అక్టోబరులో చేసిన మార్పు చూడండి. ఏటా లక్ష జనాభాకు 20 లేదా అంతకు మించి టీబీ కేసులున్న దేశాల నుంచి వెళ్లే 2-14 ఏళ్ల పిల్లలకు మాంటూ అనే చర్మపరీక్ష బదులు ఇగ్రా అనే టీబీ రక్తపరీక్ష తప్పనిసరైంది. టీబీ టీకా బీసీజీ వేయించుకున్న పిల్లల్లో మాంటూ ఉత్తపుణ్యానికే పాజిటివ్ చూపించవచ్చు. పైగా ఫలితం చూడటానికి 48 నుంచి 72 గంటల్లోపు మళ్లీ తీసుకెళ్లాలి. ఇగ్రాకు బీసీజీతో పేచీ లేదు. ఇగ్రాల్లో క్వాంటిఫెరాన్ ప్లస్ అనే రకమైతే నాలుగు ట్యూబుల్లోకి ఒక్కో మిల్లీలీటరు రక్తం చాలు.

పాజిటివ్ అనగానే బెంబేలెత్తనక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏమీ లేక, లక్షణాలూ లేకపోతే ‘బి2’ తరగతి, అంటే టీబీ క్రిమి సోకినా జబ్బు లేదని రాస్తారు, ప్రయాణం ఆగదు. ఎక్స్‌రేలో అనుమానం తగిలినా, లక్షణాలున్నా మాత్రం మూడు రోజులు కళ్లె పరీక్ష, కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూడటం). కళ్లె తీయడం చేతకాని చిన్నపిల్లలకు పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీస్తారు. కల్చర్ తేలడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. చూసే తల్లిదండ్రులకు నరకమే. కానీ పసివాళ్లలో టీబీ మెదడు పొరలకు పాకే ప్రమాదం పెద్దలకన్నా ఎక్కువ. అందుకే ఆ ఎనిమిది వారాల ఆలస్యాన్ని నేను సమర్థిస్తాను.

సమర్థించలేనిది టీకాల దగ్గర జరిగే గందరగోళం. చాలా దేశాల్లో తొమ్మిదో నెలలో వేసేది మీజిల్స్-రుబెల్లా. అమెరికా లెక్కలో పన్నెండు నెలలు నిండక ముందు వేసిన డోసు చెల్లదు, నాలుగు రోజుల వెసులుబాటు మాత్రం ఉంది. పైగా మీజిల్స్-రుబెల్లాలో గవదబిళ్లల టీకా కూడా ఉండదు. దాంతో కార్డు నిండా సంతకాలున్న బిడ్డకూ ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా మూడూ కలిసిన టీకా) బాకీ పడుతుంది. అది తెలిసిన తల్లిదండ్రులు మెడికల్‌కు వారం ముందు పరుగున వెళ్లి వేయిస్తారు. సరిగ్గా అక్కడే దెబ్బతింటారు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరచిన సజీవ క్రిమితో చేసేవి) ఇగ్రా ఫలితాన్ని కొన్నాళ్లపాటు అణచివేయగలవు. అందుకే రక్తం టీకాకు ముందైనా తీయాలి, అదే రోజైనా తీయాలి. లేదంటే కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు రెండూ ఒకేరోజు వేయకపోతే మధ్యలో 28 రోజుల ఎడం కావాలి.

ఇంకో సంగతి, కోర్సు మొత్తం పూర్తికానక్కర్లేదు. వయసుకు తగ్గ ప్రతి టీకా ఒక్కో డోసు పడితే, తర్వాతి డోసుకు ఇంకా గడువు రాలేదని డాక్టరే రాస్తారు. ఎనిమిది నెలలు దాటిన బిడ్డకు విరేచనాల రోటావైరస్ టీకా అడగరు. తేదీలు లేని కార్డు, నోటిమాట చెల్లవు. ఇదంతా డాక్టర్ల మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఆ కుటుంబం చదవగలిగే భాషలో ఒక పేజీ ఇస్తే, రెండోసారి సూది, నెల వాయిదా తప్పుతాయి. ఆ బాధ్యత వీసా ఇచ్చే ప్రభుత్వానిదే.

ఇక అసలు అన్యాయానికి వద్దాం. ఆస్ట్రేలియాలో బిడ్డకున్న వైకల్యం వల్ల వైద్య, సంరక్షణ సేవలకు ఎంతవుతుందో అంచనా కడతారు. 2024 జూలై నుంచి ఆ హద్దు 86,000 ఆస్ట్రేలియా డాలర్లు. అది దాటితే, మినహాయింపుకు వీలున్న వీసా కాకపోతే, బిడ్డతోపాటు తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరి దరఖాస్తూ పోతుంది. పుట్టుకతో వచ్చే డౌన్ సిండ్రోమ్ ఎవరికీ అంటుకోదు. దాన్ని టీబీతో ఒకే గదిలో, ఒకే ఫైలులో తూచడం ఏం వైద్యం?

పన్ను కట్టేవాళ్ల డబ్బుకు లెక్క ఉండాలంటారు. ఉండాలి. కానీ ఆ లెక్కలో ఖర్చు గడి ఒక్కటే ఉంటోంది. ఆ బిడ్డ తల్లి నర్సుగానో, తండ్రి ఇంజనీరుగానో అదే దేశానికి కట్టబోయే పన్ను ఆ అంచనాలో కనిపించదు.

కెనడా 2018లో ఖర్చు హద్దును మూడింతలు చేసింది, ప్రత్యేక విద్యను ఆ లెక్కలోంచే తీసేసింది. ఆస్ట్రేలియా కూడా అంటువ్యాధి కాని ప్రతి స్థితినీ పిల్లల మెడికల్ తీర్పులోంచి తీసేయాలి. ముందుగా, ఒక్క బిడ్డ పేరుతో ఇంటిల్లిపాదినీ తిరస్కరించే నిబంధనను రద్దు చేయాలి.