ఎల్‌ఎఫ్‌ఓ ఆకారం చెవికి అందదా?

బెజవాడ, గుంటూరు ఆర్కెస్ట్రా గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ట్రెమొలో, కోరస్, ఫ్లాంజర్‌లలో రేట్, డెప్త్ చూసుకుంటే చాలు. సైన్, ట్రయాంగిల్, స్క్వేర్ అంటూ ఆకారాలు ఇవ్వడం ఉత్త అమ్మకాల ఎత్తుగడ. 20 హెర్ట్జ్ లోపు తిరిగేది మనిషికి వినపడదు కదా" అని దాని సారాంశం. ఈ మూడూ వాయిద్యం సౌండ్‌ని ఊపే ఎఫెక్టులు. వాటిని లోపల నుంచి నడిపే నెమ్మది అలని పుట్టించేదే ఎల్‌ఎఫ్‌ఓ (లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్). అది ఎంత వేగంగా ఊగుతుందన్నది రేట్, ఎంత ఎక్కువగా ఊగుతుందన్నది డెప్త్, సైన్, ట్రయాంగిల్, స్క్వేర్ అన్నవి ఆ అల ఆకారాలు. దసరాకి స్టేజీ ఎక్కబోయే కొత్త ప్లేయర్లు ఇది నమ్మి ఆకారం మార్చే బటన్ జోలికే పోవడం లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఎల్‌ఎఫ్‌ఓ మనకు స్వరంగా వినపడదు, నిజమే. అది కదిలించేది వినపడుతుంది. ట్రెమొలోలో అది కదిపేది వాల్యూమ్‌ని. సైన్ పెట్టి తీగ మీటండి, శబ్దం మెల్లగా పొంగి మెల్లగా తగ్గుతుంది. రేట్, డెప్త్ ముట్టుకోకుండా స్క్వేర్‌కి మార్చండి, ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఫోన్ స్పీకర్లో కూడా తెలిసిపోతుంది.

"సైన్‌కీ ట్రయాంగిల్‌కీ తేడా ఏముంది" అన్నదే అసలు తప్పు. కోరస్‌లోనూ, శ్రుతిని ఊపే వైబ్రాటోలోనూ ఎల్‌ఎఫ్‌ఓ మార్చేది డిలేని, అంటే సౌండ్ ఎంత ఆలస్యంగా వస్తుందన్న దాన్ని. శ్రుతి ఎంత పక్కకు పోతుందన్నది డిలే ఎంత ఉందన్న దాన్ని బట్టి కాదు, ఎంత వేగంగా మారుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. సైన్ ఊయలలా చివర్లో నెమ్మదించి వెనక్కి తిరుగుతుంది, అందుకే శ్రుతి జారుతూ ఎక్కి జారుతూ దిగుతుంది. ట్రయాంగిల్ వాలు మారదు. శ్రుతి కాస్త పైన నిలబడి, మలుపు రాగానే ఠక్కున కిందికి దూకి అక్కడ నిలబడుతుంది. రేట్ 1 హెర్ట్జ్, డిలే అటూ ఇటూ 2 మిల్లీసెకన్లు ఊగుతోందనుకోండి. సైన్‌లో శ్రుతి గరిష్ఠంగా దాదాపు 22 సెంట్లు తప్పుతుంది, ట్రయాంగిల్‌లో 14 దగ్గరే ఉండిపోతుంది. అర స్వరానికి 100 సెంట్లు. అసలు సౌండ్ కలిసిన కోరస్‌లో ఇది కొంత మరుగున పడుతుంది గానీ, ఎఫెక్ట్ ఒక్కటే పెట్టి వింటే దాగదు. గమకాలు వింటూ పెరిగిన మనవాళ్లకి జారడానికీ దూకడానికీ తేడా తెలియదంటే నేను ఒప్పుకోను.

ఫ్లాంజర్‌లో ఇంకో సంగతి. డిలే 1 నుంచి 2 మిల్లీసెకన్లకు పెరిగితే మొదటి నాచ్ (అసలు సౌండ్, ఆలస్యమైన సౌండ్ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోటు) 500 నుంచి 250 హెర్ట్జ్‌కి, అంటే ఒక స్థాయి (ఆక్టేవ్) దిగుతుంది. 5 నుంచి 10కి పెరిగినా దిగేది ఒక స్థాయే, కానీ ట్రయాంగిల్‌కి దానికి ఐదు రెట్లు టైమ్ పడుతుంది. స్వీప్, అంటే ఆ నాచ్ జారడం, పైన పరుగెత్తి కింద ఈడ్చినట్టు వినిపించేది అందుకే. కొన్ని పెడళ్లలో వేవ్‌ని కావాలని వంచేది దీన్ని సరిచేయడానికే.

అమ్మకాల ఎత్తుగడ అంటారా? 1960ల్లో జపాన్‌లో తయారైన యూనీ-వైబ్ అనే ఎఫెక్ట్‌లో ఎల్‌ఎఫ్‌ఓకి తగ్గట్టు వెలుగు పెరిగి తగ్గే ఒక బల్బు, దాని చుట్టూ ఆ వెలుగుని పసిగట్టే నాలుగు ఫొటోసెల్స్ ఉంటాయి. బల్బు వేడెక్కడానికి, చల్లారడానికి టైమ్ తీసుకోవడంతో వేవ్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వాడిన ఆ గుండె కొట్టుకున్నట్టుండే సౌండ్‌లో ఆ ఒరగడానిదే పెద్ద పాత్ర.

డెప్త్ బాగా తగ్గించేస్తే ఆకారాల తేడా చెవికి అందదన్న వరకు మాత్రం ఒప్పుకుంటాను.