అంకుల్‌కి ఒక శ్లోకం చెప్పు నాన్నా!

తిరుపతిలో సాయంత్రం పూట ఎవరింటికైనా వెళ్లాలంటే ఈమధ్య నాకు టెన్షన్ పట్టుకుంటోంది. కూర్చోమంటారు, మంచినీళ్లిస్తారు, ఆ తర్వాత ఆ ఇంటి నాలుగేళ్ల వారసుణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి మన ముందు నిలబెడతారు. "అంకుల్‌కి ఒక శ్లోకం చెప్పు నాన్నా!" ఇక్కడికే మీరు మూలిగారంటే మీకూ అనుభవమే అన్నమాట.

వాడు సోఫా వెనక్కి పోతాడు. "మొత్తం వచ్చన్నా, నిన్న గడగడా అప్పజెప్పినాడు, కొత్త మొహం చూసి సిగ్గుపడుతున్నాడు" అని తల్లి సంజాయిషీ. ఈలోపు కాఫీ వస్తుంది. తాగకూడదు. శ్లోకం నడుస్తుండగా కాఫీ తాగే పాపాత్ముడెవడు? తల్లి "శుక్లాంబరధరం వి..." అని ఆగితే వాడు "ష్ణుం" అంటాడు. "శశివ..." "ర్ణం". "చతుర్భు..." "జం". ఇలా సర్వవిఘ్నాలూ శాంతించేసరికి కాఫీ మీద మీగడ కట్టి కప్పు అంచుకు అతుక్కుపోయి ఉంటుంది. మనం చప్పట్లు కొట్టాలి. కొడతాం. "బంగారుకొండ" అనాలి. అంటాం.

మొన్న మా ఎదురింట్లో దీని వీడియో అవతారం కూడా చూసి తరించాను. పీట మీద పట్టుపంచె కట్టుకున్న పిల్లవాడు. పంచె నిలవడం లేదని లోపలి నిక్కరుకు పిన్నీసు పెట్టారు. ఫోన్ పట్టుకుని నాన్న. "చేతులు జోడించు. కళ్లు మూసుకో. ఇటు చూడు." మూసుకున్న కళ్లతో ఇటెలా చూడాలో తెలియక వాడు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచాడు. "రెండూ మూసుకోరా! ఆఁ, ఇప్పుడు కెమెరా చూడు." కర్పూరం ఆరిపోయింది. వెలిగించారు. మళ్లీ ఆరింది. రింగ్ లైట్ వెలుగు పటం అద్దం మీద పడి మెరుస్తోందని నాన్న విసుక్కున్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, వెంకటేశ్వరస్వామి పటాన్ని మేకు నుంచి తీసి బీరువా పక్కన చేరేసింది. స్వామి తప్పుకున్నాక షాట్ అద్భుతంగా వచ్చిందట.

ఫ్యామిలీ గ్రూపులో పెడితే అమెరికా మేనత్త "సో డివైన్" అంది. దానికి జవాబుగా ఎవరో పెద్దమ్మ, తన మనవరాలు హనుమాన్ చాలీసా చదివిన వీడియో వదిలింది. నలభై చౌపాయీలూ! ఎదురింట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. మర్నాడే పిల్లవాణ్ణి ఆన్‌లైన్ శ్లోకాల క్లాసులో వేశారు. టార్గెట్ దసరాకల్లా విష్ణు సహస్రనామం. వెయ్యి నామాలు. వాడికి సొంత ఇంటిపేరే ఇంకా నోరు తిరగదు.

కొండ మీద స్వామివారి దినచర్య ఈ ఊళ్లో తెలియనివాళ్లుండరు. తెల్లవారుజామున సుప్రభాతం. అందులో మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది, సరయూ తీరంలో నిద్రపోతున్న కుర్రవాడు రాముణ్ణి విశ్వామిత్రుడు లేపిన మాట. అంత కోపిష్ఠి ముని కూడా ముందు తల్లి పేరు తలచి, మెల్లగా లేపాడు. రాత్రి ఏకాంతసేవలో భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పడుకోబెడితే తాళ్లపాక వంశస్థులు లాలి పాడతారు. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై. అంటే ఏడుకొండలవాడికే ఏటా ఒక నెల సుప్రభాతం నుంచి సెలవుంది. మా ఎదురింటి అబ్బోడికి లేదు. రాత్రి కళ్లు కూరుకుపోతున్నా "పూర్వపీఠిక అప్పజెప్పి పడుకో" అంటారు.

ఆ మాటకొస్తే తాళ్లపాక అన్నమయ్యను ఏ క్లాసులో వేశారు? గడ్డి కోసుకురమ్మంటే కొడవలికి వేలు తెగి, దారిన పోయే యాత్రికుల వెంటపడి కొండెక్కాడని కదా కథ. ఇప్పుడైతే "కట్టు తర్వాత కడతా, ముందు ఆ వేలు చూపించి గోవిందా అను" అని వీడియో తీసేవాళ్లు. నిన్నమొన్నటిదాకా మన ఇళ్లలో అవ్వ దీపం పెడుతుంటే పిల్లకాయలు పక్కన చేరి, అగ్గిపుల్ల నేను గీస్తానంటే నేనని కొట్టుకునేవాళ్లు. గీశాక అవ్వతోపాటు జేజికి దణ్ణం పెట్టేవాళ్లు. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు.

ఇదంతా నవ్వుకోవచ్చు. కానీ శ్లోకం తప్పితే ఏమంటున్నారో కూడా విన్నాను. "సామి చూస్తా ఉన్నాడు, కళ్లు పోతాయి." నాలుగేళ్ల పిల్లవాడితో! లెంపలేసుకోమన్నారని వాడు చెంపలు కందేదాకా వేసుకున్నాడు. చాలురా అన్నవాళ్లు లేరు, ఎందుకంటే రికార్డింగు నడుస్తోంది. సిగ్గుండాలి. దేవుణ్ణి పరిచయం చేయరా అంటే లాఠీ పట్టుకున్న పోలీసులా చూపిస్తారా? రాత్రి లైటు తీస్తే పటంలో సామి చూస్తున్నాడని ఆ పసివాడు ఏడుస్తున్నాడు. నామం కప్పేసిన కళ్లవి! ఆ కళ్లకే బిడ్డ జడుసుకునేలా చేశారంటే మీకంటే నాస్తికుడు నయం, వాడు కనీసం పిల్లల్ని నిద్రపోనిస్తాడు.

పోయిన వారం ఫ్రిజ్‌లో చాక్లెట్ కనబడలేదు. "కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయిస్తా, నిజం చెప్తావా లేదా?" అని నాన్న గదమాయించాడు. కాణిపాకం వరసిద్ధి వినాయకుడంటే చిత్తూరు జిల్లాలో సత్యప్రమాణాల దేవుడు. కోనేట్లో మునిగి ఆయన ముందు అబద్ధమాడాలంటే తలపండిన పెద్దమనుషులకే గుండె చాలదు. ఆయన కోర్టుకు ఇప్పుడు చాక్లెట్ కేసు. "ఆదివారం కార్లో పోతున్నాం, నువ్వూ రాన్నా" అని నన్నూ పిలిచాడు.

"వస్తాను. పిల్లోడి తర్వాత నువ్వూ ఒక మునక వెయ్యి. మొన్న అమ్మిన రేణిగుంట రోడ్డు స్థలానికి రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసిందెంత, చేతికొచ్చిందెంత, అది కూడా తేలిపోతుంది" అన్నాను.

ఆదివారం ప్రయాణం రద్దయింది. పిల్లవాడికి జలుబు చేసిందట.