నువుక్ అంటే కొన

మా సంఘం పిల్లల క్విజ్ పేపరు ఈసారి నాకిచ్చి దిద్దమన్నారు. "అమెరికాకు ఉత్తరాన చిట్టచివరి చోటు ఏది?" జవాబు: పాయింట్ బారో. తప్పేం కాదు, మ్యాపుల్లో అదే ఉంది. అయినా పక్కన 'నువుక్' అని రాశాను.

1826లో బ్రిటిష్ ఓడ 'బ్లాసమ్' కెప్టెన్ బీచీ దానికి పాయింట్ బారో అని పేరు పెట్టాడు. తను మాత్రం అక్కడిదాకా వెళ్ళలేదు. చిన్న పడవలో మంచు తప్పించుకుంటూ వెళ్ళి చూసొచ్చింది ఆయన కింద పనిచేసే ఎల్సన్. పేరేమో లండన్‌లో నౌకాదళ కార్యాలయంలో కూర్చున్న జాన్ బారోది. చూసినవాడిది కాదు, అక్కడ ఉంటున్నవాళ్ళది అసలే కాదు, పై అధికారిది. ఆఫీసుల్లో మనకు తెలియని సంగతా!

అప్పటికే అక్కడ అలాస్కా ఆదివాసులైన ఇనుపియాట్ల ఊరుంది, దానికో పేరుంది. అగ్రం అనగానే మనం కొండనీ దాని కింద విరిగే అలల్నీ ఊహించుకుంటాం. ఇక్కడ కొండా లేదు, బండా లేదు. సముద్రంలోకి సన్నగా సాగిన గులకరాళ్ళ దిబ్బ. ఓ పక్క చుక్చీ సముద్రం, ఇంకో పక్క బ్యూఫోర్ట్ సముద్రం. నువుక్ అంటే వాళ్ళ భాషలో కొన, అంతే. ఆకురాలే కాలంలో తిమింగలాల వేట అయ్యాక ఎముకలు తెచ్చి ఇక్కడే పడేస్తారు, ధ్రువపు ఎలుగులు ఊరి మీదికి పోకుండా ఇటే వస్తాయని. ఒడ్డును అలలు కోసేస్తుంటే పాత సమాధులు బయటపడ్డాయి, కొన్ని దాదాపు వెయ్యేళ్ళ నాటివి.

అక్కడికి 9 మైళ్ళ దూరంలో ఉన్న బారో పట్నం 2016లో ఓటింగ్ పెట్టుకుని ఉట్కియాగ్విక్ అయింది. 381కి 375. ఆరే ఓట్లు! దుంపలు తవ్వుకునే చోటు అని దాని అర్థం. కాదు, అసలు పేరు ఉక్పియాగ్విక్, తెల్ల గుడ్లగూబల్ని వేటాడే చోటు అని ఇంకొందరు. వాళ్ళ ఊరి తగువు, వాళ్ళే తేల్చుకుంటారు. ఎయిర్‌పోర్టు కోడ్ మాత్రం ఇంకా బీఆర్‌డబ్ల్యూనే.

"పిల్లలకు నోరు తిరగదండీ" అన్నారు కమిటీలో ఒకాయన. ఇంటిపేరుతో కలిపి పద్నాలుగు అక్షరాలున్న పెద్దమనిషి! నువుక్‌కి మూడు కూడా నిండవు.

చివరికి రెండు జవాబులకూ మార్కు ఇద్దామని రాజీ పడ్డాం. కీలో నువుక్ ముందు, బ్రాకెట్లో పాయింట్ బారో.