నాలుకకు అంటుకుంటే ఎముకేనా?

ప్రాణహిత, గోదావరి ఇసుకలో దొరికే శిలాజాలను ఇంట్లోనే గుర్తించవచ్చన్న వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ ‘నాలుకకు అంటుకుంటే ఎముకే’ అన్న పరీక్షను నమ్ముకోకండి. సన్నని రంధ్రాలున్న బంకమట్టి రాయి కూడా అంటుకుంటుంది. రంధ్రాలన్నీ ఖనిజంతో పూడిపోయిన అసలు ఎముక అంటుకోకపోవచ్చు. అయినా ఏటిలో దొరికిన రాయిని నాకమనడం ఏం సలహా అండీ!

విరిగిన అంచును పది రెట్లు చూపే భూతద్దం కింద పెట్టండి. ఎముకైతే పైన దట్టమైన పొర, లోపల స్పంజిలాంటి గదులు కనిపిస్తాయి. రాయిగా మారిన కలపలో పోగులు ఒకే దిశలో సాగుతాయి, అడ్డకోతలో తరచూ వలయాలుంటాయి. రాతి పగుళ్లలో నల్లగా కొమ్మలు వేసిన ‘ఫెర్న్ ఆకులు’ చాలావరకు మాంగనీసు మరకలే, వాటికి ఈనెలుండవు. ఇక గుండ్రంగా ఉన్న ప్రతి రాయీ డైనోసార్ గుడ్డు కాదు.

వ్యాసంలో లేనిది ఒకటుంది. ఈ ప్రాణహిత-గోదావరి లోయలో పెర్మియన్ (డైనోసార్లకు ముందు కాలం) నుంచి జురాసిక్ (డైనోసార్ల కాలం) దాకా, ఆ తర్వాతి కాలానివి కూడా రాతి పొరలున్నాయి. నది దొర్లించుకొచ్చిన ముక్క ఏ పొరదో ఆకారం చూసి చెప్పడం కష్టం. అందుకే తీసే ముందే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, చోటు రాసుకోవాలి. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఇదే లోయలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పోల్చుకోవడానికి ముందు దాన్ని చూసి రండి.