సవరణ: 1788కి ముందటి పిట్స్‌బర్గ్ దస్తావేజులు

పూర్వీకుల భూమి రికార్డుల మీద పెట్టిన పోస్టులో, 1785 నాటి అమెరికాలోని పిట్స్‌బర్గ్ భూమి దస్తావేజును ఎలిగెనీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వెతకమన్నాం. అది తప్పు. పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో కౌంటీల ఏర్పాటు చట్టాలు చూస్తే ఎలిగెనీ పుట్టిందే 1788 సెప్టెంబరులో. అంతకుముందు పిట్స్‌బర్గ్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ కౌంటీలోది. ఆ కౌంటీ దస్తావేజుల పుస్తకాలు దాని కేంద్రమైన గ్రీన్స్‌బర్గ్‌లో చూడాలి. మొనాంగహీలా నదికి పడమటి భూమైతే 1781 నుంచి వాషింగ్టన్ కౌంటీ. కౌంటీ చీలినా పాత పుస్తకాలు మాతృ కౌంటీలోనే ఉండిపోతాయి.

ఒక చిక్కుంది. 1784లో రాసుకున్న దస్తావేజును ఏళ్ల తర్వాత, ఎలిగెనీ ఏర్పడ్డాక, రిజిస్టరు చేయించినవాళ్లూ ఉన్నారు. అలాంటివి ఎలిగెనీ పుస్తకాల్లోనే దొరుకుతాయి. అందుకే అక్కడి ఇండెక్సునూ 1810 దాకా, అమ్మినవారి పేరుతో ఒకసారి, కొన్నవారి పేరుతో ఒకసారి చూడండి.